ఒక్క పుల్ అప్ కూడా రాదు, బౌల్డరింగ్‌కి వెళ్ళొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 33, బరువు 72 కిలోలు, వ్యాయామం అంటే సాయంత్రం నడక ఒక్కటే. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు వచ్చే ఆదివారానికి ఇండోర్ బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా లోపలి గోడ ఎక్కే ఆట, స్లాట్ బుక్ చేశాడు. ఒక్క పుల్ అప్ కూడా రాదు, ఎత్తంటే భయం, మెట్టెలు, పుస్తెలతాడు ఏం చేయాలో తెలియదు, పైగా ఎనిమిదేళ్ల బాబు నేనూ వస్తానంటున్నాడు. ముందు మూడు నెలలు జిమ్‌కి వెళ్ళి చేతుల్లో బలం తెచ్చుకోవాలా, లేక ఇప్పుడే వెళ్ళొచ్చా అని.

ఇప్పుడే వెళ్ళండి. మూడు నెలల జిమ్ అక్కర్లేదు. మొదటి రోజు ఎక్కే సులువైన దారులు దాదాపు నిచ్చెన ఎక్కినట్టే ఉంటాయి, పట్టుకునేవి నాలుగు వేళ్లూ లోపలికి దూరేంత పెద్దగా ఉంటాయి, బరువు మోసేది కాళ్లు. ఆదివారం లోపల మీరు ఏదైనా నేర్చుకోవాలంటే పడటం ఎలాగో నేర్చుకోండి. దాని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లకు తగిలిన దెబ్బల్లో నేను చూసినవి దాదాపు అన్నీ కిందికి వచ్చేటప్పుడు తగిలినవే.

నాది నకిరేకల్ దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ఎక్కుతున్నాను, ఆరేళ్లుగా శని, ఆదివారాలు హైదరాబాద్‌లో ఒక గోడ దగ్గర కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి గంట నేర్పుతున్నాను. మా నాయన గీత కార్మికుడు. నడుముకు ముస్తాదు, వీపు వెనక నుంచి చెట్టు చుట్టూ మోకు అనే తాడు, కాళ్లకు గుజి, అలా పొద్దున, సాయంత్రం తాడిచెట్లు ఎక్కేవాడు. సన్నటి మనిషి, చేతుల్లో కండ ఉండేది కాదు, పిక్కలు మాత్రం రాళ్లలా ఉండేవి. నేను చిన్నప్పుడు చెట్టును కావలించుకుని చేతులతో లాక్కుంటూ పోబోతే "చెట్టెక్కేది కాళ్లు బిడ్డా, చేతులున్నది మోకు జరపనీకే" అన్నాడు. ఇన్నేళ్లలో బౌల్డరింగ్ గురించి నాకు ఇంతకంటే పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా పెదనాయన తాడిచెట్టు మీంచి జారి నడుము పోయి తొమ్మిదేళ్లు మంచంలో ఉన్నాడు. 2024లో మన రాష్ట్రంలో గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలైనప్పుడు మా ఇంట్లో అందరికీ ఆయనే గుర్తొచ్చాడు. అందుకే పడటం అనే మాటను నేను తేలిగ్గా తీసుకోను, నా దగ్గరికి వచ్చేవాళ్లను తీసుకోనివ్వను.

అసలు ఏంటిది అనే దాని గురించి కొంచెం. మన వైపు గుండు అంటాం కదా, పొలాల మధ్యలో, గుట్టల మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైట్ గుండ్లు, బౌల్డర్ అంటే అదే. తాడు లేకుండా, దూకి దిగగలిగే ఎత్తులో ఆ గుండ్లు ఎక్కే ఆటను లోపలికి తెచ్చారు. ప్లైవుడ్ గోడలకు రంగు రంగుల హోల్డులు, అంటే పట్టుకోవడానికి, కాలు పెట్టడానికి ఉండే దిమ్మలు, బోల్టులతో బిగిస్తారు, గోడ ఎత్తు నాలుగు, నాలుగున్నర మీటర్లు, కింద నేలంతా అడుగు మందం పరుపు. ఒకే రంగు హోల్డులన్నీ కలిపి ఒక దారి, దాన్ని ప్రాబ్లమ్ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ గుర్తు అంటించి ఉంటుంది, చివరి హోల్డును రెండు చేతులతో నిలకడగా పట్టుకుంటే అయిపోయినట్టు.

కష్టాన్ని వీ0, వీ1 అని లెక్కపెడతారు, ఇప్పటికి వీ17 దాకా ఉంది. అమెరికాలో టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ అనే రాళ్ల దగ్గర ఎక్కే జాన్ షెర్మన్ వల్ల వచ్చిన లెక్క అది, ఆయన ముద్దుపేరు వెర్మిన్, ఆ వీ అక్షరం అక్కడిదే. చాలా చోట్ల సొంత రంగుల లెక్క కూడా పెట్టుకుంటారు. మీరు వీ0, లేదా వాళ్లు అన్నిటికంటే సులువని చెప్పే రంగు, అంతవరకే చూడండి.

ఇక పడటం. ఇంట్లోనే రెండు మందపాటి బొంతలు పరిచి సాధన చేయొచ్చు. పాదాలు భుజాలంత వెడల్పుగా పెట్టి, మోకాళ్లు వంచి, గొంతుక్కూర్చున్నట్టు కిందికి దిగి, అక్కడి నుంచి వెనక్కి వీపు మీదికి దొర్లండి. గడ్డం ఛాతీకి ఆనాలి, తల వెనక్కి కొట్టుకోకుండా. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఉండాలి. ఇంట్లో దూకొద్దు, కూర్చుని దొర్లడం ఒక్కటే పదిసార్లు చేయండి. గోడ దగ్గరికి వెళ్ళాక పరుపు మీద ముందు అడుగు ఎత్తు నుంచి, తర్వాత మూడు అడుగుల నుంచి, అది బాగా వచ్చాక కొంచెం పై నుంచి. రెండు పాదాలూ ఒకేసారి ఆనాలి, మోకాళ్లు బిగించి నిలబడిపోకూడదు, ఒంటి కాలి మీద పడకూడదు.

చేతులు ఛాతీ మీద అని ఎందుకు అంతగా చెబుతున్నానంటే, వెనక్కి పడేటప్పుడు మనిషి చెయ్యి దానంతట అదే వెనక్కి పోయి నేలను ఆపబోతుంది. ఆ ఒక్క అరచేతి మీద ఒంటి బరువంతా పడుతుంది. నా మొదటి నెలలో సరిగ్గా అదే జరిగింది. ఎవరూ పడటం నేర్పలేదు, ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని గోడ చూపించారు, అంతే. రెండు మీటర్ల ఎత్తు కూడా లేదు, చెయ్యి జారింది, కుడి అరచేయి వెనక్కి పెట్టాను. మణికట్టు బెణికి ఆరు వారాలు అన్నం ఎడమ చేత్తో తిన్నాను. పరుపు అడుగు మందం ఉన్నా పడే పద్ధతి తప్పితే ఆదుకోలేదు. చీలమండలు కూడా అంతే, ముఖ్యంగా రెండు పరుపులు కలిసే చోట పాదం పడితే మడతపడుతుంది.

దీనికంటే మంచిది, అసలు పడకుండా దిగిరావడం. ఎక్కిన ప్రతిసారీ, వీలైనంత వరకు, హోల్డులు పట్టుకుని కిందికి దిగండి. దిగేటప్పుడు ఏ రంగైనా పట్టుకోవచ్చు, దానికి నియమం లేదు. చివరి మూడు అడుగులు మాత్రం దూకండి. పైదాకా వెళ్ళి అక్కడి నుంచి హుషారుగా దూకే కుర్రాళ్లు కనిపిస్తారు, వాళ్లను చూసి దూకొద్దు. రోజంతా నాలుగు మీటర్ల నుంచి ముప్పై సార్లు దూకితే మోకాళ్లకు, నడుముకు అది ముప్పై దెబ్బలు.

ఎత్తంటే భయం గురించి అడిగారు. మిమ్మల్ని పైదాకా వెళ్ళమని ఎవరూ అడగరు, వెళ్ళకపోతే ఆట సగంలో వదిలేసినట్టూ కాదు. మొదటిసారి మీ పాదాలు మీ మోకాలి ఎత్తుకు వచ్చేదాకా వెళ్ళి దిగండి. రెండోసారి నడుము ఎత్తుకు. నా దగ్గరికి మిర్యాలగూడ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు, 46 ఏళ్లు, రెండో అంతస్తు బాల్కనీలో నిలబడాలన్నా టెన్షన్ పడే మనిషి. ఆ రోజు మొత్తం ఆమె ఆరు అడుగులు దాటలేదు, కానీ ఆ ఎత్తులోనే గోడ పొడవునా అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినట్టు వెళ్ళి వచ్చారు, అలా నాలుగుసార్లు. మూడోసారి వచ్చినప్పుడు చివరి హోల్డు ముట్టుకున్నారు. భయం ఎత్తుది అనుకుంటాం గానీ నాకు తెలిసినంతలో అందులో సగం ఎలా దిగాలో తెలియకపోవడం వల్ల వచ్చేదే, అందుకే దిగడం ముందు నేర్పితే అది చాలా వరకు తగ్గుతుంది.

ఇప్పుడు కాళ్ల సంగతి. పాదం మధ్య భాగం హోల్డు మీద పెట్టొద్దు, బొటనవేలి దగ్గరి కొస పెట్టండి, అప్పుడే పాదాన్ని అటూ ఇటూ తిప్పగలరు. పాదం కుదురుకునేదాకా కళ్లు దాని మీదే ఉండాలి, కొత్తవాళ్లు ఎప్పుడూ పైకే చూస్తూ కాలిని ఎక్కడో తడుముతారు. చేతులు చాచి ఉంచండి, మోచేయి వంచి వేలాడితే రెండు నిమిషాల్లో అలసిపోతారు. కాళ్లు పైకి జరపండి, ఆ కాళ్ల మీద లేచి నిలబడండి, అప్పుడు చెయ్యి పై హోల్డుకు దానంతట అదే అందుతుంది. స్లొవేనియా అమ్మాయి యాన్యా గార్న్‌బ్రెట్ వీడియో ఒకటి చూసి వెళ్ళండి, టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింట్లోనూ క్లైంబింగ్‌లో బంగారు పతకం ఆమెదే. చూసేటప్పుడు చేతులు వదిలేసి ఆమె పాదాలనే చూడండి, ఒకసారి పెట్టిన పాదాన్ని మళ్లీ సర్దుకోవడం ఎంత అరుదో.

ఎంత జాగ్రత్తగా ఎక్కినా పది పన్నెండు సార్లు అయ్యాక ముంజేతులు గట్టిపడి, వేళ్లు మూసుకోనంటాయి. గట్టిగా పిడికిలి బిగిస్తూ ఉంటే కండరం తన రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది, అందుకే అలా అవుతుంది. ఒక్కో ప్రయత్నానికి మధ్య మూడు నాలుగు నిమిషాలు కూర్చోండి, చేతులు వదులుగా దులపండి, నీళ్లు తాగండి. మొత్తం గంట, గంటంపావు చాలు. ఇంకొక్కటి అనిపించే ఆ చివరి ప్రయత్నంలోనే చెయ్యి జారేది, కాబట్టి ఒంట్లో కొంచెం శక్తి ఉండగానే ఆపేయండి. తిరుగు ప్రయాణంలో తమ్ముడి బైకు మీరు నడపొద్దు, బిగుసుకున్న చేతులతో బ్రేకు, క్లచ్ సరిగా పట్టలేరు.

నగలు. ఉంగరాలు తప్పనిసరిగా తీసేయాలి, దీనికి మినహాయింపు లేదు. హోల్డుకో బోల్టుకో ఉంగరం తగులుకుని మనిషి కిందికి జారితే వేలి చర్మం, ఒక్కోసారి వేలే ఊడిపోయే ప్రమాదం ఉంది. గాజులూ తీసేయండి, మెటల్ గాజు వంగి మణికట్టులో గుచ్చుకుంటుంది. మెట్టెలు చాలామంది మర్చిపోతారు. క్లైంబింగ్ షూ వేళ్లను గట్టిగా ఒత్తుతుంది, లోపల మెట్టె ఉంటే పది నిమిషాల్లో పక్క వేలు కమిలిపోతుంది. తేలిగ్గా ఊడిరాని మెట్టెలైతే శనివారం రాత్రే సబ్బు నీళ్లతో వదులు చేసి తీసి పెట్టుకోండి, అక్కడికి వెళ్ళాక ఉబ్బిన వేలి నుంచి రావు. పుస్తెలతాడు తీయడం మీకు ఇష్టం లేకపోవచ్చు, మా ఆవిడకూ ఇష్టం ఉండేది కాదు. వేలాడుతూ మాత్రం ఉండకూడదు. ఆమె మొదట్లో బిగుతుగా ఉండే లోపలి టీషర్టు కింద పెట్టుకుని పైన ఇంకోటి వేసుకునేది. తర్వాత ఆమె అత్త, అంటే మా అమ్మే, "ఎక్కేటప్పుడు తీసి డబ్బాలో పెట్టుకో, దేవుడేమీ అనుకోడు" అంది, అప్పటి నుంచి తీసి పెడుతోంది. తీస్తేనే మంచిదని నేను చెబుతాను, నిర్ణయం మీది.

బట్టలకు పెద్ద ఆలోచన వద్దు. మోకాళ్లు ఛాతీ దాకా వచ్చేలా సాగే ప్యాంటు, భుజాలు పట్టేయని టీషర్టు. చున్నీ వద్దు, జీన్స్ వద్దు. జుట్టు ముడి వేసుకోండి, గోళ్లు కత్తిరించుకోండి. ఎవరైనా చూస్తారేమో అని మీరు రాయలేదు గానీ చాలామంది అడుగుతారు. అక్కడ ఉన్నవాళ్లందరూ వాళ్ల వాళ్ల ప్రాబ్లమ్ చూసుకుంటూ ఉంటారు, మీరు కష్టపడుతుంటే ఆ ఎడమ కాలు పైకి పెట్టండి అని ఒకరు చెబుతారు, అంతే.

షూ అక్కడే అద్దెకు దొరుకుతుంది. మామూలు చెప్పు సైజు లెక్క పనికిరాదు, వేసి చూడాలి. వేళ్లు ముందు భాగానికి ఆని కొద్దిగా వంగాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. ఆ షూ తోనే బాత్రూమ్‌కి వెళ్ళొద్దు, అడుగు తడిస్తే జారుతుంది. చాక్ పొడి కూడా ఇస్తారు, అది బడిలో సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్, చెమట పీల్చుకోవడానికి. కొంచెం చాలు. గ్లవ్స్ వేసుకోవద్దు, పట్టు తెలియదు. పాలమూరు నుంచి బస్సులో రెండు మూడు గంటలు కూర్చుని వస్తారు కాబట్టి దిగగానే గోడ ఎక్కేయకుండా పది నిమిషాలు భుజాలు, మణికట్లు, తుంటి కదిలించండి. టిఫిన్ రెండు గంటల ముందే తినేయండి, బిర్యానీ అయ్యాక చూసుకోవచ్చు.

ఎవరు ముందు డాక్టర్‌ని అడగాలి. గర్భవతులు బౌల్డరింగ్ చేయొద్దు, పడే ఆట ఇది. భుజం ఒకసారి జారినవాళ్లు, మోకాలికో నడుముకో ఆపరేషన్ అయినవాళ్లు, ఎముకలు పలచబడ్డాయని చెప్పించుకున్నవాళ్లు అడిగే వెళ్ళాలి. మన ప్రాంతం వాళ్ల కోసం ఇంకొకటి కలుపుతాను. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో మెడ, వెన్ను బిగుసుకుపోవడం, కీళ్ల నొప్పులు ఉంటాయి. అలాంటి లక్షణాలు ఏమాత్రం ఉన్నా దూకే పని పెట్టుకోవద్దు. వాళ్లకు తాడుతో ఎక్కే గోడలు మేలు, చెయ్యి జారినా తాడు మెల్లగా దింపుతుంది.

జిమ్ బలం గురించి ఇంకో మాట, ఎందుకంటే మీ ప్రశ్న మొదలైందే అక్కడ. బలం ఉన్నవాళ్లకే ఒక్కోసారి పెద్ద నష్టం జరుగుతుంది. ఒక కుర్రాడు వచ్చాడు, పదిహేను పుల్ అప్‌లు తీసేవాడు, రెండో నెలకే సన్నటి అంచుల మీద, వేళ్లు మడిచి బొటనవేలు పైన నొక్కి, వేలాడటం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఉంగరపు వేలి దగ్గర టప్‌మని చప్పుడు, నాకు అవతలి మ్యాట్ మీదికి వినిపించింది. వేలి ఎముకకు స్నాయువును అంటిపెట్టి ఉంచే పట్టీ తెగింది. కండరం వారాల్లో పెరుగుతుంది, స్నాయువులు, పట్టీలు గట్టిపడటానికి నెలలు, ఏళ్లు పడుతుంది. అతని చేతులు సిద్ధమయ్యాయి గానీ వేళ్లు సిద్ధం కాలేదు. మీలాగా కాళ్లతో మొదలుపెట్టినవాళ్లకు వేళ్లు తీరిగ్గా అలవాటు పడతాయి. వేలి మొదట్లో నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయండి. మర్నాడు ముంజేతులు పట్టేసి బాటిల్ మూత కూడా తిప్పలేకపోతే కంగారు పడొద్దు, రెండు మూడు రోజుల్లో పోతుంది. అరచేతిలో చర్మం లేస్తే కత్తిరించి, కడిగి, రాత్రి కొబ్బరినూనె రాయండి. మళ్లీ వెళ్ళాలనిపిస్తే వారానికి ఒకసారి చాలు.

గోడ బాగుంది కదా అని ఆ వారమే ఊరి గుట్ట మీదికి మాత్రం వెళ్ళొద్దు. దేవరకొండ, కోయిలకొండ, నల్గొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట, అన్నీ నాకూ ఇష్టమే, కానీ అక్కడ కింద పరుపు లేదు, ఎండాకాలం రాయి కాలుతుంది, కోటల దగ్గర తేనెతుట్టెలు ఉంటాయి, అవి లేస్తే పరిగెత్తడానికి చోటుండదు. బయట రాయి ఎక్కాలంటే భువనగిరికి వెళ్ళండి, నేర్పేవాళ్లతో. ఒకే రాయి, అయిదు వందల అడుగుల ఎత్తు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట ఎక్కడం నేర్చుకుంది ఆ భువనగిరి బండ మీదే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ బండ కింద నిలబడి పైకి చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

బాబును తీసుకెళ్ళండి. పిల్లలు తేలిక, మీకంటే ముందు పైకి వెళ్ళిపోతాడు. ముందు ఫోన్ చేసి ఏ వయసు నుంచి రానిస్తారో, పిల్లల షూ సైజు ఉందో కనుక్కోండి. వాడికి రెండే రెండు విషయాలు బస్సులోనే చెప్పండి: పై నుంచి దూకకూడదు, దిగిరావాలి, ఇంకా ఎవరైనా గోడ మీద ఉంటే వాళ్ల కింద నుంచి పరిగెత్తకూడదు. రెండోది ఇంకా ముఖ్యం, పెద్దవాళ్లు 80 కిలోల బరువుతో వచ్చి పిల్లాడి మీద పడితే ఇద్దరికీ దెబ్బే. మీరు గోడ మీద ఉన్నప్పుడు వాడిని తమ్ముడు చూసుకోవాలి, వాడు ఎక్కేటప్పుడు మీరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి రద్దీ పెరుగుతుంది, కాబట్టి మొదటి బస్సుకే బయల్దేరి ఉదయం తలుపులు తెరవగానే వెళ్ళండి, అప్పుడు నేర్పేవాళ్లకూ మీతో ఉండటానికి తీరిక దొరుకుతుంది. వెళ్ళగానే ముందు వాళ్లను అడగాల్సింది ఒకటే, "మాకు పడటం చూపించండి" అని.